పిట్టలు తోలే విద్య

మీ పెరట్లో జామచెట్టు ఉన్నదా? ఉంటే ఈ సంగతి మీకు అనుభవమయ్యే ఉంటుంది. ఒక కాయ దోరకు వస్తూంటుంది. రోజూ బడికి పోయేముందు దాన్ని ఒకసారి చూసుకుంటూ ఉంటారు. "రేపు కోద్దాం" అనుకుంటారు. ఆ సాయంత్రం వచ్చి చూస్తే కాయ కొమ్మనే ఉంటుంది గాని, అందులో సగం ఉండదు. మిగిలిన సగంలో ముక్కుతో తవ్విన గుంట, గుంట చుట్టూ చీమలూ ఉంటాయి. కింద నేలమీద మరో నాలుగు పచ్చి పిందెలు పడి ఉంటాయి. ఒక్కొక్క దానికీ ఒక్కొక్క కాటే! పైన ఆకుల మధ్య నుంచి "కీ" అని ఒక అరుపు వినిపిస్తుంది.

అంత కోపంలో ఎవరైనా మొదట చేసే పని రాయి తీసుకోవటం. రెండో పని దిష్టిబొమ్మ కట్టటం. రాయి సంగతి తరవాత చెబుతాను. ముందు బొమ్మ సంగతి చూద్దాం.

రెండు కర్రలు అడ్డంగా కట్టి, గడ్డి చుట్టి, పాత చొక్కా తొడిగి, తలకు ఒక కుండ బోర్లించి, దానికి సున్నంతో కళ్ళూ మీసాలూ పెడతాం. మొదటి రోజు ఒక్క పిట్ట కూడా దగ్గరికి రాదు. మనకు మహా సంతోషం. రెండోరోజు అవి గోడమీద కూచుని బొమ్మను పరీక్షగా చూస్తాయి. మూడోరోజు చెట్టు అవతలి కొమ్మ మీదికి వస్తాయి. నాలుగోరోజో అయిదోరోజో ఒక పిచ్చుక వచ్చి బొమ్మ భుజం మీదనే కూచుని, చొక్కాకు ముక్కు తుడుచుకుంటుంది.

పిట్టకు తెలివితేటలు లేవనుకునే వాళ్ళు ఈ సంగతి ఆలోచించాలి. అడవిలో గాని, ఊళ్ళో గాని పిట్ట కదిలిన ప్రతిదానికీ బెదిరి ఎగిరిపోతూ ఉంటే, దానికి తినటానికి తీరిక ఉండదు. ఆకలితో చస్తుంది. దేనికీ బెదరకపోతే డేగ నోట పడుతుంది. అందుచేత ఏది నిజమైన అపాయమో, ఏది ఉత్తదో అది త్వరగా నేర్చుకోవాలి. మూడు రోజులపాటు ఒకేచోట, ఒకే తీరున చేతులు చాచుకుని నిలబడిన మనిషి మనిషి కాడని తెలుసుకోవటం దానికి పెద్ద కష్టం కాదు.

ఇంతకన్నా చిత్రమైన సంగతి ఒకటి అమెరికాలో బయటపడింది. సియాటిల్ నగరంలో వాషింగ్టన్ విశ్వవిద్యాలయం శాస్త్రజ్ఞులు 2006లో ఒక ప్రయోగం చేశారు. వారు ఆదిమానవుడి ముఖంలా ఉన్న రబ్బరు ముసుగు తగిలించుకుని, ఏడు కాకులను వలవేసి పట్టి, కాళ్ళకు గుర్తు కడియాలు వేసి వదిలిపెట్టారు. ఆ తరవాత ఎవరు ఆ ముసుగు వేసుకుని ఆవరణలో నడిచినా సరే, కాకులు వెంటపడి అరిచి గోల చేశాయి. వేరే ముసుగు వేసుకుంటే పట్టించుకోలేదు. ఏళ్ళు గడిచినా ఆ ముఖాన్ని మరవలేదు. అంతేగాక, ఎన్నడూ పట్టుబడని కాకులు కూడా తోటివాటిని చూసి ఆ ముఖాన్ని తిట్టటం నేర్చుకున్నాయి!

అంటే కాకి మనిషికి భయపడేది మనిషి ఆకారాన్ని చూసి కాదు, ఆ మనిషి చేసిన పనిని గుర్తుపెట్టుకుని. గడ్డిబొమ్మ ఏ పనీ చెయ్యదు. అదే దాని లోపం.

మరి మన పెద్దవాళ్ళు చేలు ఎట్లా కాపాడుకున్నారు? వారు బొమ్మను నమ్ముకుని ఇంట్లో పడుకోలేదు. జొన్న చేను నడుమ నాలుగు గుంజలు పాతి, పైన మంచె కట్టేవారు. మంచె మీద నిలబడితే చేనంతా కనిపిస్తుంది. చేతిలో వడిసెల ఉంటుంది. అది తాటితో అల్లిన పరికరం. నడుమ చిన్న దొన్నెలాంటి అల్లిక, దానికి రెండు వైపులా రెండు తాళ్ళు ఉంటాయి. ఒక తాడు కొసను వేలికి తగిలించుకుని, రెండో కొసను పిడికిట పట్టుకుని, దొన్నెలో మట్టిబెడ్డ పెట్టి, తల చుట్టూ గిరగిరా తిప్పి రెండో కొసను వదులుతారు. బెడ్డ చేనికి ఆ చివర పడుతుంది. పిట్టకు తగలటం ముఖ్యం కాదు. చప్పుడు చేస్తూ పక్కన ఏదో వచ్చి పడింది, అదిగో మంచె మీద మనిషి కదులుతున్నాడు - ఇంత తెలిస్తే చాలు, మంద లేచిపోతుంది.

ఈ కాపలా చాలా ఇళ్ళలో పిల్లల మీదనే పడేది. జొన్న కంకి పాలు పోసుకున్నప్పుడు గింజను నొక్కితే తెల్లని పాలు వస్తాయి. అప్పటి నుంచి గింజ గట్టిపడే దాకా పిట్టలకు పండగ. ఆ రెండు మూడు వారాలూ పిల్లలకు బడి లేదు. తెల్లవారకముందే మంచె ఎక్కవలసిందే. ఎందుకంటే పిట్టలు రాత్రంతా తిండి లేకుండా ఉండి, తెల్లవారగానే ఆవురావురుమంటూ వస్తాయి. మధ్యాహ్నం ఎండలో నీడపట్టున సర్దుకుంటాయి. మళ్ళీ పొద్దుగుంకే ముందు రాత్రికి సరిపడా తిని పోవటానికి వస్తాయి. కాపలా పిల్లవాడు మధ్యాహ్నం కునుకు తీసినా ఫరవాలేదు గాని, పొద్దున ఒక్క గంట ఆలస్యమైతే ఇంట్లో వాళ్ళు తినే గింజలు తగ్గిపోతాయి. ఇది ఆటగా కనిపించినా ఆట కాదు.

ఆ మంచె మీది పిల్లలకు తెలిసిన విద్యే పెరటి మొక్కకు కూడా పనికివస్తుంది. వచ్చేది ఏ పిట్ట, దేనికోసం వస్తున్నది, ఏ వేళకు వస్తున్నది, ఎన్నాళ్ళు వస్తుంది - ఇవి తెలుసుకోకుండా ఏం కట్టినా, ఏం చల్లినా వృథా.

ముందు దొంగ ఎవరో తేల్చుకోవాలి. రాత్రికి రాత్రి కాయ మాయమైతే చిలకను తిట్టి లాభం లేదు. చిలకలు చీకటి పడగానే గూటికి చేరతాయి. రాత్రిపూట జామకాయ తినేది గబ్బిలం. అది కాయను కొరికి తీసుకుపోయి, మరో చెట్టుకు వేలాడుతూ రసం పీల్చి, పిప్పి ఉండలు చేసి కింద ఉమ్మేస్తుంది. కాయ మీద చిన్న చిన్న జంట గాట్లు కనిపిస్తే అవి ఉడుత పళ్ళు. లోతుగా, వంకరగా చీల్చిన గుంట ఉంటే అది చిలక. మెత్తగా పండిన పండును మాత్రమే పొడిచి ఉంటే పికిలిపిట్టో, గోరువంకో అయి ఉంటుంది. ఆ రెంటికీ పచ్చికాయ కొరికే ముక్కు లేదు.

వీటన్నిటిలోకీ చిలక పెద్ద దుబారా మనిషి. మనిషి అనే అంటున్నాను, ఎందుకంటే అది కాయను కాలితో పట్టుకుని మనలాగే తింటుంది. ఒక్క కాటు కొరికి, నచ్చకపోతే పారేసి, ఇంకోటి తుంచుతుంది. తిన్నదానికన్నా నేలపాలు చేసేది ఎక్కువ. జామ, జొన్న, మొక్కజొన్న, పొద్దుతిరుగుడు ఏదైనా దానికి ఒకటే. అయినా 2018లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రామచిలకనే రాష్ట్రపక్షిగా ఎంచుకున్నది! దాన్ని చూస్తే కోపం ఎంతసేపు నిలుస్తుంది గనక? కాని ఒక్కమాట. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం చిలకను పట్టటమూ, పంజరంలో పెట్టి పెంచటమూ కూడా నేరమే. తోటలోనుంచి తోలవచ్చు, అంతే.

ఎట్లా తోలాలి? "మిరపకారం నీళ్ళలో కలిపి చల్లండి" అని సలహా ఇచ్చేవాళ్ళు చాలామంది ఉంటారు. ఉడుతకు అది కొంత పనిచెయ్యవచ్చు. పిట్టకు మాత్రం బొత్తిగా పనిచెయ్యదు. చిలక పండు మిరపకాయను మిఠాయిలాగా తినటం మీరు చూసే ఉంటారు. దాని నాలుక మొద్దుబారి కాదు. మిరపకాయలో కాప్సైసిన్ అనే పదార్థం ఉన్నది. మన నోటిలోని నరాలకు వేడిని కనిపెట్టే చిన్న ద్వారాలున్నాయి. ఈ పదార్థం ఆ ద్వారాలను తెరిచేస్తుంది. అందుకే నోరు కాలినట్టు మండుతుంది. ఉడుతకూ, ఎలుకకూ, కోతికీ కూడా అంతే. పక్షుల నరాలలోని ద్వారం కాస్త వేరు. కాప్సైసిన్ దాన్ని తెరవలేదు. అందుచేత పిట్టకు కారమంటే ఏమిటో తెలియదు.

దీనివల్ల మిరప మొక్కకు లాభం లేకపోలేదు. పళ్ళున్న జంతువులు విత్తనాలను నమిలి పిండి చేస్తాయి. పక్షికి పళ్ళు లేవు. విత్తనం దాని కడుపులోనుంచి చెక్కుచెదరకుండా బయటికి వచ్చి, మరోచోట పడి మొలుస్తుంది. కాబట్టి కారం నమిలేవాళ్ళను తరిమి, మోసుకుపోయేవాళ్ళను రానిస్తున్నదన్నమాట.

దీనికి సరిగ్గా తలకిందులైన పదార్థం కూడా ఒకటి ఉన్నది. కొన్ని రకాల ద్రాక్షకు మంచి వాసన ఇచ్చే మిథైల్ ఆంథ్రనిలేట్ అనే దాన్ని మనం మిఠాయిల్లో వేసుకుని తింటాం. అదే పక్షుల ముక్కుకూ నోటికీ తగిలితే మంటపుట్టి పారిపోతాయి! దీన్ని కొన్ని దేశాలలో పండ్లతోటల మీద చల్లుతారు. వానకూ ఎండకూ త్వరగా పోతుంది గనక మాటిమాటికీ చల్లాలి.

పిట్టలను తోలే విద్యుత్ పరికరాలని కొన్ని అమ్ముతూ ఉంటారు. మనుషులకు వినిపించని అతి సన్నని ధ్వని వేసి పిట్టలను బెదిరిస్తాయట. మీ ఇంట్లో ఎవరైనా కొనబోతే ఈ మాట చెప్పండి. పిల్లల చెవులకు సెకనుకు సుమారు 20,000 కంపనాల దాకా ధ్వని వినిపిస్తుంది. చాలా పక్షులకు 10,000 దాటితేనే సరిగా వినిపించదు. మనకే వినిపించనిది వాటికి ఎట్లా వినిపిస్తుంది?

మెరిసేవి కొంత నయం. ఒకవైపు ఎరుపు, మరొకవైపు వెండి రంగు ఉన్న సన్నని ప్లాస్టిక్ రిబ్బను దొరుకుతుంది. దాన్ని రెండు మూడు మెలికలు తిప్పి గుంజల మధ్య కడితే గాలికి తళతళ మెరుస్తూ, రొద చేస్తూ ఉంటుంది. రైతులు చేల మీద కూడా కడతారు. పాత సీడీలు వేలాడదీసినా తళుకు వస్తుంది. కాని ఇదీ గడ్డిబొమ్మ చుట్టమే. పిందె పడ్డనాడే కట్టారంటే, కాయ పండేనాటికి పిట్టలు దానికి అలవాటుపడిపోతాయి. కాయ పక్వానికి వచ్చే ముందు కట్టి, రెండు రోజుల కొకసారి చోటు మార్చి, పండ్లు అయిపోగానే తీసెయ్యాలి. బొమ్మకు కూడా ఇదే పద్ధతి. మీరు రోజూ వేసుకు తిరిగే పాత చొక్కా దానికి తొడిగి, అప్పుడప్పుడు మీరే ఆ చొక్కా వేసుకుని వెళ్ళి చప్పట్లు కొట్టి రండి. బొమ్మకు ప్రాణం వస్తుంది!

ఇక వల. దీన్ని గురించి నా అనుభవం చెప్పాలి. మా పెరట్లో అంజూర మొక్క ఒకటి ఉండేది. పండిన పండు పండినట్టు పికిలిపిట్టలు తినిపోతున్నాయని, సన్నని నైలాను వల కొనుక్కొచ్చి, మొక్క మీద దుప్పటి కప్పినట్టు కప్పాను. మర్నాడు పొద్దున గోడమీద ఒక పికిలిపిట్ట ఒకటే గోల చేస్తున్నది. దాని జత వలలో చిక్కుకుని ఉన్నది. ఒక రెక్కా, ఒక కాలూ, మెడా చిక్కుపడ్డాయి. విడిపించుకోవాలని గింజుకున్నకొద్దీ పోగు బిగిసింది. కత్తెర తెచ్చి ఒక్కొక్క పోగే కత్తిరించుకుంటూ వచ్చాను. మెడ దగ్గరి పోగు తెగేటప్పటికి అది గింజుకోవటం మానేసింది. తోక కింద ఎర్రని ఈకలు అప్పుడు అంత దగ్గరగా చూశాను. అంజూర పండ్లు నాలుగో అయిదో దక్కాయి. తినబుద్ధి కాలేదు.

తప్పు వలది కాదు, కప్పిన తీరుది. పెద్ద కళ్ళున్న వలను వదులుగా కప్పకూడదు. ఆస్ట్రేలియాలో విక్టోరియా రాష్ట్రం దీనికోసం చట్టమే చేసింది. 2021 సెప్టెంబరు నుంచి అక్కడ ఇళ్ళలోని పండ్లచెట్లకు కట్టే వల కన్ను, సాగదీసినప్పుడు కూడా 5 మిల్లీమీటర్లకు మించరాదు. వేలు దూరని వల కొనాలన్నమాట. నాలుగు కర్రలు పాతి, ఆకులకు తగలకుండా పందిరిలాగా బిగించి కట్టాలి. అంచులు నేలకు ఆనేటట్టు మూసెయ్యాలి. పొద్దునా సాయంత్రం వెళ్ళి చూసుకోవాలి.

ఆ పికిలిపిట్ట సంగతి నన్ను బాధపెట్టటానికి ఇంకో కారణం ఉన్నది. అది పండ్లు తింటుంది, నిజమే. పురుగులు కూడా తింటుంది. పిచ్చుక గింజలు తింటుంది గాని, గూట్లో పిల్లలున్నప్పుడు వాటికి పెట్టేవి ఎక్కువగా పురుగులే. గింజ తిని అంత చిన్న పిల్ల ఎదగలేదు. గోరువంక నాగలి వెంట నడుస్తూ మట్టిలోనుంచి లేచిన పురుగులనూ మిడతలనూ ఏరుకుంటుంది. జొన్నచేను దగ్గర "హోయ్, హోయ్" అని పిట్టలను తోలిన రైతే, శనగచేనులో కర్రలు పాతి వాటికి అడ్డంగా పుల్లలు కట్టటం మీరు చూసి ఉండవచ్చు. వాటిని పక్షి స్థావరాలంటారు. పిట్టలు వచ్చి కూచోవాలనే అవి పెడతారు! వాటి మీద కూచుని గోరువంకలూ, తోక చీలిన నల్లని ఏట్రింతలూ శనగపచ్చ పురుగులను ఏరుకుని తింటాయి. ఏట్రింతకు ఇంకో గుణం కూడా ఉన్నది. గూడు పెట్టిన చెట్టు దగ్గరికి కాకి గాని, డేగ గాని వస్తే వెంటపడి తరుముతుంది. అందుకే హిందీవాళ్ళు దాన్ని కొత్వాలు అంటారు. పోలీసు అధికారి అన్నమాట.

ఈ రెండో సంగతి మరిచిపోతే ఏమవుతుందో చైనాలో జరిగింది. 1958లో అక్కడి ప్రభుత్వం ఎలుకలు, ఈగలు, దోమలు, పిచ్చుకలు అనే నాలుగిటినీ దేశశత్రువులుగా ప్రకటించింది. పిచ్చుకలు ధాన్యం తింటున్నాయని వాటి నేరం. ఊళ్ళకు ఊళ్ళు కదిలి, పళ్ళేలూ డప్పులూ వాయిస్తూ పిచ్చుకలను ఎక్కడా వాలనివ్వలేదు. బడిపిల్లలు కూడా ఇందులో ఉన్నారు. ఎగిరి ఎగిరి అలిసిపోయిన పిచ్చుకలు ఆకాశంలోనుంచి రాలిపడ్డాయి. గూళ్ళు పీకేశారు, గుడ్లు పగలగొట్టారు. జెంగ్ జువోషిన్ వంటి పక్షి శాస్త్రజ్ఞులు పిచ్చుకలు పురుగులు కూడా తింటాయని చెప్పారు. పిచ్చుకలు పోయినచోట పురుగులు విజృంభించాయి. 1959 నుంచి 1961 దాకా ఆ దేశంలో ఘోరమైన కరువు వచ్చింది. దానికి ప్రభుత్వం వ్యవసాయంలో చేసిన ఇతర పొరపాట్లు పెద్ద కారణం. అయితే పురుగులు కూడా పంటను దెబ్బతీశాయి. చివరకు 1960లో శత్రువుల జాబితాలోనుంచి పిచ్చుకను తీసేసి, దాని స్థానంలో నల్లిని చేర్చారు.

రాయి సంగతి తరవాత చెబుతానన్నాను. ఇప్పుడు చెప్పనవసరం లేదనుకుంటాను.

పెరటి తోటకు చెయ్యవలసిన పని నిజానికి కొద్దిదే. తోటకూర, పాలకూర విత్తనాలు చల్లినప్పుడు మడి మీద ముళ్ళకంప పరచండి. మొక్కలు నాలుగు వేళ్ళ ఎత్తు రాగానే తీసెయ్యండి. అంతవరకే పిచ్చుకల బెడద. మొక్కజొన్న వేస్తే, గింజ పోసుకునే వేళకు కండెను ఆ మొక్క ఆకులతోనే చుట్టి కట్టండి. చిలకకు కండె కనిపించదు. ఎండాకాలంలో చెట్టుకు దూరంగా ఒక మట్టి మూకుడులో నీళ్ళు పెట్టండి. పిట్టలు కొన్నిసార్లు దాహానికి కూడా మెత్తని పండ్లను పొడుస్తాయి. నీళ్ళు రోజూ మార్చకపోతే దోమలు పెరుగుతాయి, జాగ్రత్త.

జామకాయలకు మాత్రం సంచులే మేలు. అన్నిటికీ కాదు, మీకు కావలసినన్నిటికే. కాయ చిన్న నిమ్మకాయంత అయ్యాక పలచని పాత గుడ్డతో కుట్టిన సంచి తొడిగి, కాయతోపాటు కొమ్మకు కూడా కలిపి పురికొసతో ముడివెయ్యండి. తొడిమకే కడితే బరువుకు కాయ రాలిపోతుంది. సంచి కొంచెం వదులుగా ఉండాలి, కాయ పెరగాలి గదా! దీనివల్ల చిలకే కాదు, కాయలో పురుగు పెట్టే పండు ఈగ కూడా లోపలికి రాలేదు. కట్టిన తేదీ సంచి మీద రాసిపెట్టుకుంటే, ఎన్నాళ్ళకు పండిందో వచ్చే ఏటికి మీకే తెలుస్తుంది.

చిటారుకొమ్మన ఉన్న కాయలకు కూడా సంచులు కట్టాలని చెట్టెక్కకండి. జామకొమ్మ గట్టిదే గాని, చివరి రెమ్మలు మనిషి బరువు ఆగవు. అవి ఎట్లాగూ చిలకల వాటా.